రేవు ఇటు

బస్సు కదిలింది గానీ ఆమె మాత్రం ఇంకా ఆసుపత్రి మెట్ల దగ్గరే ఉండిపోయింది. ఒళ్ళు దాని పని అది చేసుకుపోతోంది. కిటికీ పక్కన సీటు చూసుకుంది, టికెట్టు కొంది, సంచి ఒళ్ళో పెట్టుకుంది, పక్కనున్నావిడ జరగమంటే జరిగింది కూడా. కాలేయంలో గడ్డ అమ్మా, చుట్టుపక్కలకి పాకింది, కోసి తీసే దశ దాటిపోయింది. ఇంత మాట చెబుతూ డాక్టరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చొక్కాతో తుడిస్తే గీతలు పడతాయండీ అని ఆమెకి నోటిదాకా వచ్చింది. తమ్ముడి ప్రాణం గురించి చెబుతుంటే అద్దాల మీద గీతల గురించి ఆలోచించే మనిషిని ఏమనాలి. ఏళ్ళ తరబడి కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని, ఎవరి మొహం చూసినా ముందు ముక్కు మీద కూర్చున్నదే కనిపిస్తుంది. అతనికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని అడిగాడు డాక్టరు. మంచివాడే. నేను చెబుతానండీ అంది, వచ్చేటప్పుడు సరుకులు తెస్తానన్నంత తేలిగ్గా. ఆ మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఇప్పటికీ అంతుపట్టలేదు. ఈ బస్సు తమ్ముడి వీధి మలుపులో ఆగేలోపు తేల్చుకోవాలి, చెప్పడమా, మానడమా. దారి గంట పడుతుంది, రద్దీ ఉంటే ఇంకాస్త. రద్దీ ఉంటే బాగుండునని ఆమె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనుకుంది.

మానడమేనని మరదలు అప్పుడే తేల్చేసింది. మెట్ల మీద నిలబడే దానికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతల చాలాసేపు కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ కుళాయి కట్టేసిన చప్పుడు. "ఆయనకి చెప్పకండి వదినా. మీకు దణ్ణం పెడతాను. అల్సరని చెబుదాం. ఆయన తట్టుకోలేరు" అంది. గొంతు వణకలేదు, అందుకే భయం వేసింది. సరేలే అంది ఆమె. చెబుతానని డాక్టరుకి, చెప్పనని మరదలికి, నిలబడ్డ చోటే ఇద్దరికీ మాటిచ్చేసింది. అయినా వాళ్ళింట్లో ఇదేం కొత్త కాదు. చెడ్డ కబురు వస్తే అది ఎవరికి తగలాలో వాళ్ళ చెవిన పడకుండా మిగిలినవాళ్ళంతా చుట్టూ దడి కట్టి నిలబడటం వాళ్ళ వంశాచారం. అమ్మమ్మ పోయిన సంగతి అమ్మకి పురుడు లేచేదాకా చెప్పలేదు. పెద్ద మామయ్యకి ఉద్యోగం ఊడితే అత్తయ్యకి తప్ప అందరికీ తెలుసు, ఆవిడ పొద్దున్నే డబ్బా కట్టిస్తూనే ఉంది, ఆయన దాన్ని పార్కులో తిని వస్తూనే ఉన్నాడు. అదంతా ప్రేమ కాదని ఎవరనగలరు. ప్రేమే. దడి కట్టేవాళ్ళకి ఊపిరాడుతుంది, లోపలున్నవాడి సంగతే ఎవరూ అడగరు.

ముందు సీట్లో ఒకాయన తల ఎడమవైపుకి వాల్చి పేపరు చదువుకుంటున్నాడు. మెడ నొప్పి మనిషి అనుకుంది మొదట, తర్వాత జోడు చూసింది. కుడి అద్దం తిప్పి బిగించారు, కాస్తే, గోరంత కూడా కాదు, కానీ ఆ కాస్తకే అక్షరాలు వాలిపోతాయి, అక్షరాలతో పాటు మనిషి వాలిపోతాడు. ఎన్నేళ్ళుగా ఇలా వాలి ఉన్నాడో, ఇంట్లోవాళ్ళు మెడకి ఏ నూనెలు రాస్తున్నారో. ఇంకోరోజైతే ఊరుకునేది. ఇవాళ ఏదైనా ఒక్క నిజం ఎవరికైనా చెప్పి చూడాలనిపించి భుజం మీద తట్టింది. "ఏమనుకోకండి, మీ కుడి అద్దం వంకరగా బిగించారు. అందుకే తల వాలుతోంది." ఆయన వెనక్కి తిరిగి ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు. "నాకు బాగానే కనిపిస్తోందమ్మా" అన్నాడు, అని మళ్ళీ తల వాల్చి పేపర్లో పడ్డాడు. పక్కనున్నావిడ ముసిముసిగా నవ్వింది. ఊరికే చెప్పిన నిజానికి ఊళ్ళో దొరికే మర్యాద ఇదీ. ఆమె మొహం కిటికీకి తిప్పుకుంది, కిటికీ అద్దం మీద ఎవరో తలానించిన నూనె మరక ఉంది, దాని వెనక వీధులు మసగ్గా జారిపోతున్నాయి.

చిన్నప్పుడు తమ్ముడికి వీడియో ఆట తెచ్చిపెట్టింది నాన్న. నాన్న ఇళ్ళకి రంగులు వేసేవాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ పారేయబోయిన పెట్టెలోంచి ఒక ఆట యంత్రం, దానితో ఒకే ఒక్క డిస్కు, రంగు మరకల చేతులతో మోసుకొచ్చాడు. అది జపాన్ వాళ్ళ ఆట, రాత కూడా పూర్తిగా జపాన్ రాతే. ఇంట్లో ఎవరికీ ఒక్క అక్షరం రాదు. తెర మీద పొట్టి పొట్టి మనుషులు ఊరూరా తిరుగుతారు, దగ్గరికెళ్ళి మీట నొక్కితే కింద గళ్ళో మాటలు పడతాయి, పోట్లాటలు ఎన్నో లేవు గానీ మాటలు మాత్రం కొండంత. తమ్ముడు మీటలు నొక్కేవాడు, ఆమె చదివేది. చదవడమంటే నోటికొచ్చింది చెప్పడం. హైస్కూలుకి వెళ్ళే అక్కకి రాని భాష ఒకటుంటుందని బుడ్డోడికి తట్టలేదు, ఉందని ఒప్పుకోవడానికి అక్కకి పరువు అడ్డొచ్చింది. గడ్డం ముసలాయన చేత ఉల్లిపాయల ధర గురించి ఏకరువు పెట్టించింది, కోటకాపలా వాళ్ళ చేత రాణిగారి మీద చాడీలు చెప్పించింది, మంత్రగత్తెని పక్కింటి అద్దెకున్నావిడ గొంతుతో తిట్టించింది. వాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. బుడ్డోడు అంటే ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ, నెత్తి సగం పలచబడ్డ మనిషి, అయినా ఆమె నోట్లో బుడ్డోడే. ఒకసారి నాన్న గుమ్మంలో నిలబడి విని, ఆ కిరీటమాయన నిజంగా అంత మాటన్నాడా అని అడిగి, ఆమెకి మాత్రం కనబడేట్టు కన్నుగీటి వెళ్ళిపోయాడు.

ఆ కథలో టోపీవాడని ఒకడుండేవాడు. అసలు పేరేమిటో దేవుడికెరుక, వాళ్ళిద్దరికీ టోపీవాడే. పడవ నడిపేవాడు, హీరోకి స్నేహితుడు, తమ్ముడికి హీరో కన్నా వాడంటేనే ఎక్కువ ఇష్టం. ఆట చివరికొచ్చేసరికి వంతెన మీద టోపీవాడు ఒక్కడే నిలబడి వెనకవాళ్ళని పంపించేశాడు, తర్వాత పడుకున్నాడు, సంగీతం నెమ్మదించింది, తెర తెల్లబడిపోయింది. ఆ తర్వాత గుంపులో వాడి బొమ్మ లేదు. జపాన్ భాష రాని గొర్రెపిల్లకైనా అర్థమవుతుంది ఏం జరిగిందో. "అక్కా, ఏమైంది వాడికి?" అన్నాడు తమ్ముడు. అది నాన్న పరంజా మీంచి పడి చనిపోయిన నెల. బుడ్డోడికి చెప్పలేదు, పక్క ఊళ్ళో పెద్ద పని దొరికింది, అయ్యాక వస్తారని అమ్మ చెప్పింది, బాబాయి చెప్పాడు, ఇంటికొచ్చినవాళ్ళు చెప్పారు. ఆమెకి మాత్రం అంతా తెలుసు, పెద్దది కదా. తెల్లబడ్డ తెర వెలుగు వాడి మొహం మీద పడుతోంది, వాడు తెర వంక కాదు ఆమె వంక చూస్తున్నాడు. "ఏం కాలేదురా. ఓడెక్కి వేరే దేశం వెళ్ళాడు. రెండో భాగంలో వస్తాడట" అంది. ఆ ఆటకి రెండో భాగమంటూ ఒకటుందని కూడా ఆమెకి తెలియదు.

ఉంది. రెండోదే కాదు, మూడు, నాలుగు, ఆ మీద ఇంకెన్నో, ఆ జపాన్ వాళ్ళకి అలుపన్నది లేదు. ఒక్కో భాగం ఒక్కో దేశంలో జరుగుతుంది, హీరో మారిపోతాడు, కానీ లోకం ఒకటే. మొదటి భాగంలో సత్రం నడిపిన ముసలిదాని మనవరాలు రెండో భాగంలో ఓడరేవులో కొట్టు పెట్టుకుని కనిపిస్తుంది, ఇక్కడ దొంగగా తిరిగినవాడు అక్కడ జడ్జీ అవుతాడు. పాతవాళ్ళు మళ్ళీ ఎదురుపడుతుంటే ఆమె అబద్ధానికి కాళ్ళొచ్చాయి. బాబాయి ఎక్కణ్ణుంచో తెచ్చిచ్చిన రెండో భాగం మొదలవుతూనే ఊరి బయట ఒక రాయి, మీద నాలుగు అక్షరాలు, చుట్టూ పూలు. ఆ రాయి ఏమిటో చూడగానే ఆమెకి తెలిసిపోయింది. "ఏం రాశారక్కా?" అని మీట నొక్కాడు. అప్పటికి వాడికి నాన్న సంగతి తెలిసిపోయింది. బడిలో ఎవడో అనేశాడు. వాడు ఇంటికొచ్చి ఎవర్నీ ఏమీ అడగలేదు, చేతులు కడుక్కుని ఆట ముందు కూర్చున్నాడు, అంతే. ఏం రాశారక్కా. "రేవు ఇటు అని రాశారు" అని చదివింది ఆమె. వాడు వెంటనే మనిషిని అటు తిప్పి పరిగెత్తించాడు. ఆ దారిలో నిజంగానే రేవు ఉండటం ఆమె పాపమో పుణ్యమో ఇప్పటికీ తెలియదు.

అక్కణ్ణుంచి వాడు టోపీవాణ్ణి వెతికాడు. ఏళ్ళ తరబడి, భాగం తర్వాత భాగం, కనిపించిన రేవల్లా వదలకుండా. ఆ ఆటలో ఒక మెలిక ఉంది. కథలో ఏ చిన్న సంఘటన జరిగినా ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ మారిపోతాయి, నిన్న పలకరించినవాణ్ణే ఇవాళ పలకరిస్తే ఇంకేదో అంటాడు, కథ ముందుకెళ్ళిపోతే ఆ మాట మరి దొరకదు. అది కనిపెట్టింది బుడ్డోడే. అందుకని ఏది జరిగినా మొదట్నుంచి ఊరంతా తిరిగి అందర్నీ మళ్ళీ పలకరించేవాడు, వలలు అల్లేవాళ్ళని, బరువులు మోసేవాళ్ళని, గట్టు మీద ఊరికే కూర్చున్న ముసలివాళ్ళని. ఒక్కొక్కరి దగ్గరా మీట నొక్కి ఆమె మొహం చూసేవాడు. ఆమె వాళ్ళు చూడలేదంటున్నారని చెబితే సరిపోయేది. చెప్పలేదు. పోయిన చలికాలం టోపీ పెట్టుకున్న మనిషొకడు ఇటు వచ్చి పడవ బాగుచేయించుకుని ఉత్తరానికి వెళ్ళాడట, అని వలలావిడ చేత అనిపించింది. ఎందుకంటే ఆ మాట వినగానే వాడి మొహం విచ్చుకునేది, ఆ ఇంట్లో ఆ రోజుల్లో విచ్చుకునే మొహం ఇంకొకటి లేదు. మూడో భాగంలో ఉత్తరాన రేవు రానే వచ్చింది, అక్కడ ఇంకో ముసలాయన చేత తూర్పుకి పంపించింది. ఎవరికీ హాని చేయని అబద్ధమే అనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తోంది. చచ్చినవాడి కోసం పసివాణ్ణి దేశదేశాలు తిప్పింది, అదీ వాడు అలిసిపోయి ఆగబోయినప్పుడల్లా చెయ్యిపట్టి ముందుకి లాగుతూ.

బస్సు ఒక కూడలిలో ఆగి ఎంతకీ కదల్లేదు. డ్రైవరు తలుపు తెరిచి గాలికి కిందికి దిగాడు. పక్కనున్నావిడ ఆసుపత్రి నుంచేనా అంది, అవునంది, ఎవరికి అంది, తమ్ముడికి అంది, ఏమిటట అంది. "అల్సర్" అంది ఆమె. ఎంత సులువుగా వచ్చిందో. ఆవిడ హమ్మయ్య అన్నట్టు చేతి మీద చెయ్యి వేసి, కారం మానేస్తే అదే పోతుందిలెమ్మా అంది. దాంతో బుర్ర తనంతట తనే పనిలోకి దిగింది. అల్సరంటే రెండు రకాల మాత్రలుండాలి, పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి. బరువు తగ్గడానికి తిండి సహించకపోవడమే కారణమని డాక్టరన్నాడని చెప్పాలి. కళ్ళు పచ్చబడటానికి ఏం చెప్పాలి, మాత్రల వేడి అనాలి. నెల తర్వాత తగ్గకపోతే ఇంకో డాక్టరు పేరు చెప్పాలి, ఆయన ఇంకెక్కడికో పంపాలి. అక్కడిదాకా వచ్చి ఆమె ఆగిపోయింది. మళ్ళీ అదే పని. మళ్ళీ ఒక రేవు నుంచి ఇంకో రేవుకి.

పోయిన వారం ఆమె పనిలో ఉండగా వాడు ఫోన్ చేశాడు. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టి ఇంట్లో పడుకుని, పాత భాగాలన్నీ ఇంగ్లీషులో మళ్ళీ వచ్చాయని మొదట్నుంచి ఆడుతున్నాడు. ఐదో భాగం నుంచి ఆట ఇంగ్లీషులోనే వచ్చింది కనక తనే చదువుకున్నవాడు, మొదటివి కంఠతా వచ్చని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆమె చేతిలో అద్దం తిరిగే రాయికి ఆన్చి ఉంది, నీళ్ళు చిమ్ముతున్నాయి. "అక్కా, టోపీవాడు చచ్చిపోయాడే" అన్నాడు. ఆమె మిషను ఆపేసింది. "వంతెన మీదే చచ్చిపోయాడు. రెండో భాగంలో గోరీ ఉంది. దాని మీద రేవు ఇటు అని చదివావు, గుర్తుందా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది, రాలేదు. "పిల్లాడివిరా, ఏం చెప్పను" అంది. "కోపం కాదక్కా. నువ్వు చెప్పిన కథే బాగుంది, ఇది చప్పగా ఉంది. కాకపోతే ఒక్కటి. అన్ని రేవులూ తిరిగాను కదా, నువ్వు పక్కనే ఉన్నావనుకున్నాను. ఇద్దరం కలిసి వెతుకుతున్నాం అనుకున్నాను. తీరా చూస్తే నేనొక్కణ్ణే. నాన్నప్పుడూ అంతే." అని, సరే పని చూసుకో అని పెట్టేశాడు. ఆమె చేతిలో అద్దం అంచు పెచ్చు లేచిపోయింది, యజమాని సణిగాడు, ఇంకోటి తీసి మొదట్నుంచి అరగదీసింది. వాడు అన్న దాంట్లో నింద లేదు. నింద ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేది.

డ్రైవరు ఎక్కాడు, బస్సు కదిలింది. రద్దీ విడిపోయింది, వీధులు ఇష్టమొచ్చినట్టు వెనక్కి పరిగెడుతున్నాయి, ఆపండయ్యా అనాలనిపించింది. తట్టుకోలేరు, అంటోంది మరదలు. నిజమే కావచ్చు. తెలిస్తే వాడు ఆ రాత్రే కుంగిపోవచ్చు, ఉన్న నాలుగు రోజులూ తినకుండా గోడ వంక చూస్తూ గడపొచ్చు, అప్పుడు ఆ ఉసురు ఎవరికి. చెప్పకపోతే వాడు మాత్రలు మింగుతూ, వచ్చే నెల పనిలోకి వెళతానంటూ, అందరి మొహాలూ చూస్తూ ఉంటాడు. అందరి మొహాలూ. వాడికి మొహాలు చదవడం తెలియదని ఎవరన్నారు, మీట నొక్కిన ప్రతిసారీ వాడు చదివింది ఆమె మొహమే. దిగాల్సిన మలుపు వచ్చింది. ముందు సీటాయన తల వాల్చుకునే దిగిపోయాడు, ఆమె అతని వెనకే దిగింది. ఏమీ తేలలేదు. అల్సర్ అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, రెండో మాట ఎక్కడుందో తెలియదు.

తలుపు తీసింది మరదలు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, శుభ్రమైన బట్టలు కట్టుకుని ఉంది. ఆమె కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది, వద్దు అని, తర్వాత గట్టిగా "టీ పెడతాను వదినా" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. తమ్ముడు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. గోళ్ళలో లిఫ్టుల జిడ్డు ఇన్ని రోజుల సెలవుతో పూర్తిగా పోయింది, చేతులు ఎవరివో లాగున్నాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది. వాడు రిపోర్టు ఏదని అడగలేదు, సంచి వంక చూడలేదు.

"ఏమన్నాడు?"

"కాలేయంలో గడ్డట" అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పాకిందట. కోసి తీసే దశ దాటిందన్నాడు. అల్సర్ కాదు."

వాడు ఆ చేతుల్ని తిప్పి చూసుకున్నాడు, అటొకసారి, ఇటొకసారి. వంటగదిలో గిన్నె స్టవ్వు మీద పెట్టిన చప్పుడు. "ఊఁ" అన్నాడు. తర్వాత వంటగది వైపు ఒకసారి చూసి, ముందుకి వంగి, గొంతు బాగా తగ్గించాడు.

"దానికి చెప్పకక్కా. అల్సరని చెబుదాం. అది తట్టుకోలేదు."

ఒక్క క్షణం ఆమె సరేలే అనబోయింది, తల అప్పుడే సగం ఊగింది కూడా, అలవాటు మరి. వాడు ఆశగా చూస్తున్నాడు. ఈ గదిలో వాడు, ఆ గదిలో అది, మధ్యలో ఈమె ఇద్దరికీ కబుర్లు అల్లుతూ, రోజులు అయిపోయేదాకా.

"అమ్మాయ్, ఇలా రా" అని పిలిచింది.

మరదలు కప్పులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "వీడికి చెప్పేశాను" అంది ఆమె. "వీడేమో నీకు చెప్పొద్దంటున్నాడు."

తమ్ముడు పెళ్ళాం వంక చూశాడు. "నీకు తెలుసా?" అన్నాడు. "మీ అక్క ఆసుపత్రి నుంచే చేసింది" అంది మరదలు. "మరి ఇందాక అంతసేపూ నవ్వుతూ కబుర్లు చెప్పావు." "మీరూ చెప్పారుగా, లోపల అనుమానం పెట్టుకునే" అంది, అని కప్పులు కింద పెట్టబోయి పెట్టలేక అలాగే నిలబడింది. ఆమె లేచి ఆ కప్పులు అందుకుని బల్ల మీద పెట్టింది, సంచి భుజాన వేసుకుంది, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

మెట్ల మీద ఎవరో పిల్లలు చాక్‌పీసుతో గీసిన గళ్ళున్నాయి, వాటి పక్కన కూర్చుంది. లోపల ముందు వాడి గొంతు, తర్వాత దాని గొంతు, తర్వాత రెండూ కలిసి. ఏమంటున్నారో తెలియలేదు, తలుపుకి చెవి ఒగ్గలేదు. కాలేయం అనుకుంది, దశ అనుకుంది, పాకింది అనుకుంది, మధ్యాహ్నం నుంచి ఇవే మాటలు అటూ ఇటూ తిప్పుకుంటోంది. నా తమ్ముడు చచ్చిపోతున్నాడు అని పూర్తి మాటగా అప్పుడు అనుకుంది, అనుకుని, కొంగు నోట్లో కుక్కుకోకుండా, వినపడేట్టే ఏడ్చింది.